జూలై ఎండల్లో చిన్న క్యాంపర్‌తో ఎడారి దారి: మా అనుభవం

జూలైలో కారు వెనక చిన్న క్యాంపర్ (లోపల పడుకునే బండి) తగిలించుకుని కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి వైపు వెళ్తున్నాం అని చెప్తే విన్నవాళ్ళందరూ ముందు ఓ నవ్వు నవ్వి తర్వాత ఎందుకూ అని అడిగారు. గొప్ప కారణం ఏమీ లేదు, మా ఆయనకి వరసగా సెలవు దొరికేది జూలైలోనే, నాకేమో నెవాడా యూటా లోపలి రోడ్లు చూడాలని ఎప్పట్నుంచో ఉంది. ఇంట్లో కూడా ఇదే గొడవ, "నీకేమన్నా పిచ్చా, ఆ ఎండలో ఆ డబ్బాలో పడుకుంటామా" అన్నాడు. నేను చెప్పింది ఒకటే, పగలు కింద తిరుగుదాం, రాత్రి పైన పడుకుందాం.

ఎడారి అంటే మనకి బల్లపరుపుగా ఇసుక గుర్తొస్తుంది కానీ అమెరికా పడమటి ఎడారి అలా ఉండదు, లోయ కొండ లోయ కొండ అలా వరసగా ఉంటుంది, డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అనే ఉప్పు మైదానం సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉంటే అదే పార్కులో టెలిస్కోప్ పీక్ అనే శిఖరం 11 వేల అడుగుల పైన ఉంటుంది. మామూలుగా వెయ్యి అడుగులు ఎక్కితే 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది, అంటే కింద 115 ఉన్నప్పుడు 7 వేల అడుగుల దగ్గర 90 లోపే ఉండొచ్చు, రాత్రికి ఇంకా బాగా పడిపోతుంది ఎందుకంటే గాల్లో తేమ లేదు, నేల వేడంతా పైకి పోతుంది. అందుకని నేను రూట్ వేసుకున్నప్పుడు ఈ ఊరికి ఆ ఊరికి ఎన్ని మైళ్ళు అన్నది రెండో ప్రశ్న, రాత్రి పడుకునే చోటు ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది అన్నది మొదటి ప్రశ్న. మొత్తం ట్రిప్ దీనిమీదే నడిచింది.

మా క్యాంపర్ టియర్‌డ్రాప్ ట్రైలర్, అంటే కన్నీటి చుక్క ఆకారంలో ఉండే చిన్నది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. లోపల ఒక పరుపు, పైన ఒక ఫ్యాను, వెనక డిక్కీలా ఎత్తితే స్టవ్వూ గట్టూ, అంతే. నిలబడటానికి కూడా ఉండదు. సామానంతా నింపాక 1700 పౌండ్లు తూగింది, అంటే కాలిఫోర్నియా లెక్కలో ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాల్సిందే (1500 పౌండ్లు దాటితే తప్పనిసరి), దీనికి ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నాయి కాబట్టి కారులో వాటిని నడిపే కంట్రోలర్ పెట్టించాం. ఇంకోటి, కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే ఏ బండికైనా స్పీడు లిమిట్ గంటకి 55 మైళ్ళే, పక్కనుంచి అందరూ 80లో పోతుంటే మనం మాత్రం ఎడ్లబండి మీద ఉన్నట్టే ఉంటుంది. నెవాడాలోకి వెళ్ళాక ఆ రూల్ లేదు కానీ ట్రైలర్ టైర్లు మామూలు కారు టైర్లు కావు, పక్కన ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని రాసుంటుంది, చాలావాటికి 65 మైళ్ళ స్పీడు దాటితే మంచిది కాదు.

టైర్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను ఎందుకంటే వేసవి ఎడారిలో రోడ్డు పక్కన ఆగిపోయిన ట్రైలర్లలో మేం చూసినవి చాలావరకు టైరు పేలినవే. ట్రైలర్ టైరు అరిగి పోవడం తక్కువ, ఎండకీ వయసుకీ లోపల్నుంచి పాడవుతుంది, పైకి చూస్తే కొత్తదానిలా గళ్ళు నిండుగా ఉంటాయి. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలు ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడాలి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 2318 అని ఉంటే 2018లో 23వ వారం అన్నమాట. మావి అయిదేళ్ళు దాటాయి, చూడ్డానికి బాగానే ఉన్నా రెండూ, స్టెప్నీతో సహా, బయల్దేరేముందే మార్చేసాం. గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి, ఎందుకంటే 10 డిగ్రీలు పెరిగితే గాలి ఒక పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది, మధ్యాహ్నం చూసి అమ్మో ఎక్కువైంది అని తీసేస్తే అసలుకే మోసం, తక్కువ గాలితో తిరిగే టైరే ఎక్కువ వేడెక్కుతుంది.

ఫ్రిజ్ విషయం కూడా. పాత క్యాంపర్లలో ఉండే గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే ఫ్రిజ్ బయట నూరు దాటితే ఆయాసపడిపోతుంది, పైగా బండి సమంగా నిలబెడితేనే పనిచేస్తుంది. మేం 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకున్నాం, పెట్టెలా ఉంటుంది, కారు వెనక సీట్లో ఏసీ తగిలేచోట పెట్టాం, క్యాంపర్‌లో కాదు. పాలు పెరుగు మందులు అన్నీ అందులోనే. సోలార్ ప్యానెల్ పైకప్పుకి బిగించింది కాకుండా మడతపెట్టేది తీసుకున్నాం, ఎందుకంటే ప్యానెల్ ఎండలో ఉండాలి క్యాంపర్ నీడలో ఉండాలి, రెండూ ఒకే చోట కుదరదు కదా.

నీళ్ళు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ అని పార్కు వాళ్ళు చెప్తారు, అది తాగడానికే. మేం ఐదేసి గ్యాలన్ల డబ్బాలు మూడు పెట్టుకుని ఎక్కడ కుళాయి కనపడితే అక్కడ నింపుకుంటూ పోయాం, సగం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

మొదటి రాత్రి మొజావే నేషనల్ ప్రిజర్వ్‌లో హోల్-ఇన్-ది-వాల్ క్యాంప్‌గ్రౌండ్, 4400 అడుగులు. నిజం చెప్పాలంటే జూలైకి ఈ ఎత్తు సరిపోదు, రాత్రి పదింటికి కూడా గోడలు వెచ్చగా ఉన్నాయి. ఇక్కడే ఫ్యాను పద్ధతి పట్టుబడింది, నాలుగు కిటికీలూ తెరిస్తే గాలి ఎటూ రాదు, నీడ వైపు కిటికీ ఒక్కటి కొద్దిగా తెరిచి మిగతావి మూసేసి పైన ఫ్యాను గాలి బయటికి లాగేలా పెడితే ఆ సందులోంచి సన్నగా గాలి మొహం మీదకి వస్తుంది, ఆ కిటికీకి తడి తువ్వాలు వేలాడదీస్తే ఇంకా నయం, తేమ లేని చోట ఇది భలే పనిచేస్తుంది కానీ తువ్వాలు అరగంటలో అప్పడంలా ఎండిపోతుంది. సాయంత్రం సీమా రోడ్డు వైపు వెళ్ళొచ్చాం, 2020 ఆగస్టులో పిడుగు పడి రేగిన మంటలో అక్కడ పది లక్షలకి పైగా జాషువా చెట్లు కాలిపోయాయి, మైళ్ళ కొద్దీ నల్లగా మోడులు నిలబడి ఉన్నాయి. మా ఆయన ఫోటో తీద్దామని దిగి తీయకుండానే వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున మూడింటికే బయల్దేరాం. చీకట్లో ఆ రోడ్ల మీద కుందేళ్ళు అడ్డం వస్తూనే ఉంటాయి, అందుకని నెమ్మదిగా. అక్కడ పగటిపూట బండి ఆపి మళ్ళీ తీసేముందు కింద వంగి చూడాలి, ఎడారి తాబేళ్ళు నీడ కోసం టైర్ల పక్కన చేరతాయట. మాకు కనపడలేదు, చూడ్డం మాత్రం మానలేదు. బేకర్ అనే ఊరి దగ్గర పెట్రోలు నింపి హైవే 127 మీద ఉత్తరానికి, డెత్ వ్యాలీ జంక్షన్ దగ్గర హైవే 190 మీదకి తిరిగాం. ఆ దారిలో పార్కు మధ్యలో ఉన్న ఫర్నెస్ క్రీక్‌కి మూడు వేల అడుగుల దిగుడు, బ్రేకు మీద కాలు వేసి కూర్చోకుండా లో గేర్‌లో దించాలి, వెనక బరువు ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం, ఆ వేడికి బ్రేకులు ఉడికిపోతాయి.

జబ్రిస్కీ పాయింట్ దగ్గర ఆగేసరికి ఏడు, అప్పటికే నూరు డిగ్రీలు. ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న 134 డిగ్రీలు రికార్డయింది, అంటే సెల్సియస్‌లో 56.7. విజిటర్ సెంటర్ ముందు పెద్ద డిజిటల్ బోర్డు ఉంటుంది, జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు, మేమూ దిగాం, ఎందుకు దిగమూ. క్యాంపర్ అక్కడే పార్కింగ్‌లో విడిచిపెట్టి కారులో బ్యాడ్‌వాటర్‌కి వెళ్ళాం, 17 మైళ్ళు. ఉప్పు మీద ఓ పదినిమిషాలు నడిచామేమో. చెమట అస్సలు తెలియదు, పుట్టిన క్షణమే ఆరిపోతుంది, అదే ప్రమాదం, మనకి చెమట పట్టట్లేదు కదా బానే ఉన్నాం అనుకుంటాం, పెదాలూ కళ్ళూ పొడిబారి తలనొప్పి మొదలయ్యాక గాని తెలీదు. పది దాటాక కింద ఎక్కడా నడవొద్దని బోర్డులు ఉన్నాయి. అన్నట్టు పెద్ద ఆర్వీలు (ఇల్లులా ఉండే బళ్ళు) అద్దెకిచ్చేవాళ్ళలో కొందరు వేసవిలో డెత్ వ్యాలీకి వెళ్ళకూడదని కాంట్రాక్టులోనే రాస్తారు, అద్దెకి తీసుకునేవాళ్ళు అది చదువుకుని వెళ్ళండి.

మాకు ఇంట్లోనే చేసుకున్న ఒక ఒప్పందం ఉంది, బయట 110 దాటితే ఏ విషయం మీదా చర్చ లేదు, ముందు రాసుకున్న కాగితం ఏం చెప్తే అది. వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ ఆ వేడికి ఇద్దరి బుర్రలూ పనిచెయ్యవు, ఇంకొక్క చోటు చూద్దాం అని ఒకళ్ళు, నువ్వెప్పుడూ ఇంతే అని ఇంకొకళ్ళు. కాగితంలో పదింటికి లోయ ఖాళీ చెయ్యాలి అని ఉంది, మా ఆయనకి ఇసుక దిబ్బలు చూడాలని ఉన్నా నోరు మూసుకుని స్టీరింగ్ పట్టుకున్నాడు. (నోరు మూసుకుని అని నేను అనలేదు, ఆయనే అలా రాయమన్నాడు.)

లోయలోంచి నెవాడా వైపు వెళ్ళే కనుమ, డేలైట్ పాస్ ఎక్కడం అసలు పరీక్ష. సముద్రమట్టం కింద్నుంచి 4300 అడుగులకి, వెనక ట్రైలర్, బయట మండిపోతోంది. ఇలాంటి ఘాట్‌ల మీద ఏసీ ఆపెయ్యమని రోడ్డు పక్కన బోర్డులు కూడా పెడతారు. మేం కిటికీలు దించేసి, ఏసీ ఆపి, గంటకి 40 మైళ్ళ స్పీడులో ఎక్కాం, నా పని మొత్తం టెంపరేచర్ ముల్లు చూస్తూ కూర్చోవడమే. ముల్లు పైకి పోతే హీటర్ ఫుల్లుగా పెట్టాలి, ఇంజను వేడి కారు లోపలికి లాగుతుంది, మనకి నరకం కానీ ఇంజను బతుకుతుంది. పక్కకి ఆపినా వెంటనే ఇంజను కట్టెయ్యకూడదు, రేడియేటర్ మూత జోలికి అస్సలు పోకూడదు. ఒకవేళ బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి, సాయం కోసమని నడిచి వెళ్ళకూడదు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మేం శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకి తీసుకున్నాం, వాడే అవసరం రాలేదు. హీటర్ మాత్రం వెయ్యాల్సొచ్చింది, చివరి మూడు మైళ్ళు. ఆ మూడు మైళ్ళూ ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నెవాడాలో బియాటీ దాటి హైవే 95 మీద టోనోపా అనే ఊరు, ఆరు వేల అడుగులు. దిగగానే తేడా తెలిసింది, ఎండ ఎండే కానీ నీడలో నిలబడితే ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నాలు ఎక్కడ గడపాలి అన్నది వేసవి ఎడారి ప్రయాణంలో పెద్ద సమస్య, క్యాంపర్ లోపల కూర్చోలేం, పగలు అది ఓవెన్. చిన్న ఊళ్ళలో పబ్లిక్ లైబ్రరీలు, మ్యూజియంలు, ఇవే మా గతి. పన్నెండు నుంచి నాలుగు దాకా ఏదో ఒక ఏసీ గదిలో కూర్చుని మర్నాటి దారి చూసుకునేవాళ్ళం, బ్యాటరీలు అక్కడే చార్జింగ్.

టోనోపా నుంచి ఈలీకి హైవే 6 మీద 160 మైళ్ళకి పైన, మధ్యలో పెట్రోలు లేదు, ఊరి బయట బోర్డు కూడా ఉంటుంది. ట్యాంకు నిండుగా లేకుండా ఆ రోడ్డెక్కితే పెద్ద రిస్కు, ట్రైలర్‌తో మైలేజీ దాదాపు మూడో వంతు పడిపోయింది మాకు. కంచెల్లేవు, ఆవులు రోడ్డు మీదకి వస్తాయి, ఎదురొచ్చే ప్రతి బండివాడూ చెయ్యి ఎత్తి పలకరిస్తాడు. ఈలీలో పాత రైల్వే మ్యూజియం ఉంది, నెవాడా నార్తర్న్ అని, ఆవిరి ఇంజన్లు ఇంకా నడుపుతున్నారు, ఆ రోజు మధ్యాహ్నం దానికే సరిపోయింది, మా ఆయన్ని బయటికి లాక్కు రావడం కష్టమైంది.

ఇంక గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్. ఇది మొత్తం ట్రిప్‌లో నాకు నచ్చిన చోటు, ఇంకో మాట లేదు. 1986లో పార్కు అయ్యింది, జనం తక్కువ, 7 వేల అడుగుల పైన లీమన్ క్రీక్ పక్కన క్యాంప్‌గ్రౌండ్లు, సైటు పక్కనే వాగు పారుతుంటుంది. ముందురోజు హీటర్ వేసుకుని ఉడికినవాళ్ళం ఇక్కడ రాత్రి స్వెటర్లు తీసాం. అక్కడ్నుంచి పైకి వెళ్ళే రోడ్డు దాదాపు 10 వేల అడుగుల దాకా వెళ్తుంది కానీ 24 అడుగులు మించిన బళ్ళు పైకి వెళ్ళకూడదు, మా కారూ క్యాంపరూ కలిపితే 28, అందుకని క్యాంపర్ విప్పి కింద పెట్టి కారు ఒక్కటే తీసుకెళ్ళాం, విప్పి చక్రాలకి అడ్డం పెట్టడం పదినిమిషాల పని, చిన్నదానితో సుఖం ఇదే.

పైన బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు. చూడ్డానికి సగం చచ్చిన మోడుల్లా మెలితిరిగి ఉంటాయి, వేల ఏళ్ళ వయసు. 1964లో ఒక పరిశోధక విద్యార్థి అనుమతి తీసుకునే ఇక్కడ ఒక చెట్టు నరికించాడు, తర్వాత కాండంలో వలయాలు లెక్కపెడితే 4900 ఏళ్ళ దాకా తేలింది, అప్పటికి తెలిసినవాటిలో అంతకన్నా పాత చెట్టు లేదు. దానికి ప్రొమీథియస్ అని పేరు. వినగానే నాకు ఒళ్ళు మండింది, మా ఆయనేమో "నరక్కపోతే వయసెలా తెలిసేది" అన్నాడు, ఎత్తు మీద చల్లగా ఉంది కాబట్టి ఈ చర్చ బాగానే సాగింది. మధ్యాహ్నం లీమన్ గుహలు, లోపల ఎప్పుడూ 50 డిగ్రీలే, జూలై మధ్యాహ్నానికి ఇంతకన్నా మంచి చోటు ఇంకెక్కడా ఉండదు, టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి ఆకాశం గురించి చెప్పను, చూసుకోవాల్సిందే.

అక్కడ్నుంచి దిగి యూటాలోకి హైవే 50. గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, పొద్దున్నే బయల్దేరేవాళ్ళకి ఆ గంట గట్టి దెబ్బే. డెల్టా దాకా దాదాపు వంద మైళ్ళు ఖాళీ, పక్కన సీవియర్ లేక్ అని ఎండిపోయిన సరస్సు, తెల్లగా, దూరంనుంచి నిజంగా నీళ్ళున్నట్టే ఉంటుంది. సలైనాలో ట్యాంకు నింపి ఇంటర్‌స్టేట్ హైవే ఐ-70 ఎక్కాం, అక్కడ్నుంచి గ్రీన్ రివర్ దాకా వంద మైళ్ళకి పైన ఒక్క పెట్రోలు బంకు లేదు, అదీ ఇంటర్‌స్టేట్ మీద.

గ్రీన్ రివర్ 4100 అడుగులే, ఆ రాత్రి తప్పదని ముందే తెలుసు, అందుకని కరెంటున్న సైటు బుక్ చేసి చిన్న కిటికీ ఏసీ ఒకటి వెంట తెచ్చాం, అన్నిటికన్నా చిన్న సైజుల్లోది, ఈ పెట్టెకి అదే ఎక్కువ. ఇక్కడే బ్యాటరీ పేచీ పెట్టింది. మధ్యాహ్నం దారిలో ఆగినప్పుడు ప్యానెల్ పరిచాం, ఎండ మండిపోతోంది కానీ చార్జింగ్ సున్నా. లిథియం బ్యాటరీ లోపల వేడి హద్దు దాటితే తనంతట తనే చార్జింగ్ ఆపేస్తుంది, చాలావాటికి 45 సెల్సియస్ దగ్గర, అది పాడవ్వడం కాదు తన్ను తాను కాపాడుకోవడం. బ్యాటరీ పెట్టె తలుపు తీసి నీడలో గంటసేపు ఉంచితే మళ్ళీ మొదలైంది. ప్యానెల్ కూడా అంతే, వేడెక్కేకొద్దీ తక్కువ ఇస్తుంది, పొద్దున తొమ్మిదింటికి వచ్చినంత మధ్యాహ్నం రెండింటికి వస్తుందని ఏమీ లేదు.

తెల్లారకముందే లేచి గాబ్లిన్ వ్యాలీ, రాతి బొమ్మల్లాంటివి వేలల్లో ఉంటాయి, ఎనిమిదిన్నరకల్లా బయటపడ్డాం. హాంక్స్‌విల్ మీదుగా క్యాపిటల్ రీఫ్ నేషనల్ పార్క్. ఇక్కడ్నుంచి భయం ఎండ కాదు, వాన. జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు మబ్బులు లేస్తాయి, ఎక్కడో ఇరవై మైళ్ళ దూరంలో కురిసిన వాన సన్నటి కాన్యన్‌లోకి (రాతి గోడల మధ్య ఇరుకు లోయలోకి) గోడలా వచ్చేస్తుంది, 1997 ఆగస్టులో అరిజోనాలోని లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో ఇలాగే 11 మంది పోయారు, వాన పడింది అక్కడ కాదు, పైన ఎక్కడో. విజిటర్ సెంటర్‌లో ఆ రోజు వరద అంచనా రాసి పెడతారు. ఆ రోజు ప్రాబబుల్ అని ఉంది, అంటే రావచ్చు అని కాదు, దాదాపు వస్తుందనే. మేం గ్రాండ్ వాష్ అనే ఇరుకు కాన్యన్ నడక మానేసి పార్కులోనే ఉన్న ఫ్రూటా పళ్ళ తోటల్లో కూర్చున్నాం, 1880ల నుంచి అక్కడ స్థిరపడ్డ మోర్మన్లు (ఒక క్రైస్తవ మతశాఖ వాళ్ళు) వేసిన తోటలు, కోతకి తెరిచిన చెట్ల కింద అక్కడికక్కడ ఎన్ని పళ్ళైనా తినొచ్చు, పట్టుకెళ్ళేవాటికే డబ్బులు. సాయంత్రానికి ఫ్రీమాంట్ నది ఎర్రగా, చిక్కగా, కొమ్మలు మోసుకుంటూ పారింది. మర్నాడు పొద్దున్నే ఆకాశం శుభ్రంగా ఉన్నప్పుడు గ్రాండ్ వాష్ నడిచాం, గోడల మీద తడి మట్టి చార నా భుజం దాకా ఉంది.

తర్వాత అంతా హైవే 12, బౌల్డర్ మౌంటెన్ మీద 8 వేల అడుగుల పైన ఫారెస్టు వాళ్ళ క్యాంప్‌గ్రౌండ్, రోడ్డు ఇంకా పైకి 9600 దాకా ఎక్కి దిగుతుంది. బౌల్డర్ దాటాక హాగ్స్‌బ్యాక్ అని ఒక చోట రోడ్డు కొండ వెన్ను మీద పోతుంది, రెండు పక్కలా లోయ, గోడ లేదు. పెద్ద బండి లాగుతూ ఉంటే నేనైతే వెళ్ళేదాన్ని కాదు. బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్క్‌లో రెండు రాత్రులు పడుకుని, కాలిఫోర్నియాకి తిరిగి ఐ-15 మీద రాత్రిపూట నడిపాం, వేగస్ చుట్టుపక్కల అర్ధరాత్రి కూడా 98 ఉంది.

పెట్రోలు తప్ప పెద్ద ఖర్చేమీ కాలేదు, బీఎల్‌ఎం (అమెరికా ప్రభుత్వ భూముల శాఖ) భూముల్లో మామూలుగా 14 రోజుల దాకా ఫ్రీగా ఉండొచ్చు, క్యాంప్‌గ్రౌండ్లు కూడా చవకే, మంట మాత్రం వేసవిలో చాలాచోట్ల నిషేధం, గ్యాస్ స్టవ్ ఒక్కటే. ఇప్పుడు మా ఆయన బాత్రూం ఉన్న క్యాంపర్లు చూస్తున్నాడు, 22 అడుగులది ఒకటి బాగా నచ్చిందట. కారుతో కలిపి ఎన్నడుగులవుతుందో లెక్కపెట్టి చెప్పాను, డేలైట్ పాస్ దానితో ఎలా ఎక్కుతావని కూడా అడిగాను, ఇంకా జవాబు రాలేదు.